కేసులో ఉన్న సరుకుతోనే: లిసిట్‌స్కీ, వెర్క్‌మన్ పుటలను మళ్లీ అచ్చు వేస్తున్న ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

1923లో బెర్లిన్‌లో అచ్చయిన ఒక చిన్న కవితల పుస్తకాన్నీ, అదే ఏడాది నెదర్లండ్స్‌లోని గ్రోనింగెన్ నగరంలో ఒక గోదాము పై అంతస్తులో మొదలైన ఒక చిన్న పత్రికనూ ఈ ప్రాజెక్టుకు ఆధారంగా తీసుకున్నాను. మొదటిది రష్యన్ కవి వ్లాదిమిర్ మయకోవ్‌స్కీ కవితలకు కళాకారుడు ఎల్ లిసిట్‌స్కీ రూపం కట్టిన ‘ద్ల్యా గోలొసా’, అంటే ‘గొంతు కోసం’. రెండోది హెండ్రిక్ వెర్క్‌మన్ స్వయంగా రాసి, స్వయంగా కూర్చి, స్వయంగా అచ్చు వేసి మిత్రులకు పంపిన ‘ద నెక్స్ట్ కాల్’. కళాచరిత్ర పుస్తకాలలో ఈ రెండింటి పుటలూ బొమ్మలుగా కనిపిస్తాయి. డిజైన్ చదివే పిల్లలు వాటిని బొమ్మలుగానే చూసి, కంప్యూటరు మీద ఎర్రని పట్టీ, నల్లని పట్టీ వాలుగా పెట్టి, అవాంగార్డ్ (పాత పద్ధతులను ధిక్కరించిన కొత్త కళ) శైలి ఇదేననుకుంటున్నారు. నిజానికి అవి గీసిన బొమ్మలు కావు, సీసపు అక్షరాలను, గీతలు వేసే ఇత్తడి పట్టీలైన రూళ్లను, చెక్క దిమ్మెలను ఇనుప చట్రమైన ఛేజులో బిగించో, బిగించకుండానో వేసిన అచ్చులు. ప్రెస్సులో ఒక్కో నిర్ణయానికి ఎంత శ్రమ పడుతుందో చేత్తో చేసి తెలుసుకోవాలన్నది ఈ ప్రాజెక్టు ఉద్దేశం.

పని జరుగుతున్న చోటు విజయవాడలో ఒకప్పుడు కరపత్రాలు, శుభలేఖలు, నాటకాల వాల్‌పోస్టర్లు వేసిన ఒక చిన్న ప్రెస్సు. కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రం ట్రెడిల్ ఒకటి, చేత్తో తిప్పే ఒక ప్రూఫు మిషన్, బైండింగు పనికి వాడే ఒక మర ప్రెస్సు, తెలుగు సీసపు టైపు కేసులు (అక్షరాలను గదులలో ఉంచే పెట్టెలు), పెద్ద ఇంగ్లీషు చెక్క టైపు, కొన్ని తెలుగు చెక్క అక్షరాలు, రూళ్ల పెట్టె ఇంకా అక్కడ ఉన్నాయి. అక్కడే జీవితమంతా కంపోజిటరుగా (టైపు కూర్చేవాడిగా) పనిచేసిన పెద్దాయన నాతోపాటు ఈ పనిలో ఉన్నారు. ఆయనను నేను బాబాయిగారు అని పిలుస్తాను. రష్యన్ గానీ డచ్ గానీ మా ఇద్దరికీ రాదు. ఈ ప్రాజెక్టుకు అది ఆటంకం కాదని, పైగా దానికి చరిత్రలోనే ఒక పోలిక ఉందని కింద వివరిస్తాను.

జూన్: ఛేజు ఒప్పుకోని వాలు

చేత్తో టైపు కూర్చని వారికి ముందుగా ఛేజు సంగతి చెప్పాలి. సీసపు అక్షరం దీర్ఘచతురస్రపు కడ్డీ చివర చెక్కినట్టు ఉంటుంది. అక్షరాలు చేర్చిన పంక్తి దీర్ఘచతురస్రం, పంక్తులు చేర్చిన గ్యాలీ దీర్ఘచతురస్రం, దాని చుట్టూ ఉండే ఇనుప ఛేజూ దీర్ఘచతురస్రమే. రెండు పక్కల నుంచి కాయిన్లు, అంటే బిగింపు చీలలు, బిగిస్తే వాటి ఒత్తిడి అడ్డంగానూ నిలువుగానూ మాత్రమే ప్రయాణిస్తుంది. ఏ పంక్తి అయినా ఒక పలుచని లెడ్డు (పంక్తుల మధ్య పెట్టే సీసపు పట్టీ) మందం తగ్గితే, ఫారం (ఛేజులో బిగించిన మొత్తం కూర్పు) ఎత్తగానే అక్కడి అక్షరాలు జారిపోతాయి. అందువల్ల పుట మీద వాలుగా ఒక మాట వేయడమన్నది అభిరుచికి సంబంధించిన ప్రశ్న కావడానికి ముందు బరువుకూ ఒత్తిడికీ సంబంధించిన ప్రశ్న.

ఇటాలియన్ ఫ్యూచరిస్టు ఫిలిప్పో తొమ్మాసో మారినెట్టి 1913 నాటి ప్రకటనలో పుట సామరస్యం మీదనే యుద్ధం ప్రకటించాడు. ఒకే పుటలో మూడు, నాలుగు రంగుల సిరా, అవసరమైతే 20 రకాల టైపు వాడాలన్నాడు. వేగంగా వచ్చిపోయే అనుభూతులకు ఇటాలిక్, భీకరమైన ధ్వనులకు బోల్డు అక్షరం తగునన్నాడు. 1914లో వచ్చిన ఆయన ‘జాంగ్ తుంబ్ తుంబ్’లో ఈ మాటలు చాలావరకు సీసంతోనే నెరవేరాయి. అయితే 1919లో మిలాన్‌లో వెలువడిన మరో పుస్తకంలోని మడత కాగితాల మీద అక్షరాలు అన్ని దిక్కులకూ చెదిరిపోయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తాయి. అటువంటి పుటను ఛేజులో బిగించడం సాధ్యం కాదు. అచ్చయిన ముక్కలను, చేతిరాతను కాగితం మీద అతికించి, దాన్ని ఫోటో తీసి బ్లాకు (అచ్చు వేసే లోహపు పలక) చేయించడం ఒక్కటే దానికి దారి.

ఈ రెండు దారులనూ మేము పక్కపక్కనే పరీక్షించాం. 24 పాయింట్ల (పాయింటు అంటే అంగుళంలో సుమారు 72వ వంతు) తెలుగు పంక్తి ఒకదాన్ని 30 డిగ్రీల వాలులో పెట్టి, చుట్టూ త్రికోణాకారపు చెక్క దిమ్మెలు కోయించి సర్దాం. కాయిను బిగించే కొద్దీ వాలు ముఖం మీద పడిన ఒత్తిడి దిమ్మెను పక్కకు నెట్టింది, దిమ్మెతోపాటు పంక్తి కూడా కదిలింది. ప్రెస్సులలో దీనికి పాత ఉపాయం ప్లాస్టర్ ఆఫ్ పారిస్. పంక్తిని స్టోను (టైపు సర్దే చదునైన బల్ల) మీద కావలసిన వాలులో నిలిపి, ఛేజు లోపలి ఖాళీని అక్షరాల భుజం (అచ్చు పడే ముఖానికి కింద ఉండే మెట్టు) మట్టానికి కాస్త కిందుగా ప్లాస్టరుతో నింపాం. గట్టిపడేటప్పుడు ప్లాస్టరు కొద్దిగా ఉబ్బుతుంది కాబట్టి ఫారం దానంతట అదే బిగుసుకుంది. అచ్చు శుభ్రంగా వచ్చింది. ఆ తర్వాత అక్షరాల సందుల నుంచి ప్లాస్టరు తీయడానికి పట్టిన సమయం కూర్పుకు పట్టిన సమయం కన్నా ఎక్కువ.

“ఇంత అవస్థపడి వాలుగా ఎందుకండీ, చదివేవాడు తల వంచాలి కదా” అని బాబాయిగారు అడిగారు. సరిగ్గా అదే ఆనాటి ఆ కవుల, కళాకారుల ఉద్దేశమని నేను నమ్ముతున్నాను. పుట ముందు కదలకుండా కూర్చున్న పాఠకుడి మెడను, కంటిని, కాగితం పట్టుకున్న చేతిని కదిలించాలన్నది వారి పట్టుదల. రష్యాలో కవి వాసిలీ కామెన్‌స్కీ 1914లో తన ‘ఆవులతో టాంగో’ పుస్తకాన్ని గోడలకు అంటించే చవక కాగితం వెనుక వైపు అచ్చు వేయించి, ప్రతి పుట పై మూలనూ కోయించాడు. దానివల్ల పుటకు ఐదు భుజాలు వచ్చాయి. ఛేజు ఎప్పటికీ దీర్ఘచతురస్రంగానే ఉంటుంది కనుక కాగితాన్నే మార్చిన ఆ ఆలోచన నాకు మారినెట్టి ప్రకటనలకన్నా ఎక్కువ నచ్చుతుంది. కుర్ట్ ష్విటర్స్, తేయో వాన్ దూస్‌బుర్ఖ్, కాటె స్టైనిట్స్ అనే కళాకారులు కలిసి 1925లో చేసిన దిష్టిబొమ్మ కథలో ఎక్స్ అక్షరమే దిష్టిబొమ్మ, బి అక్షరమే రైతు. కేసులోని అక్షరాలు తప్ప అందులో వేరే బొమ్మ లేదు. దాన్ని మళ్లీ వేయడం ఈ విడతలో పెట్టుకోలేదు, ఎందుకంటే అక్కడి వాలులన్నీ ప్లాస్టరు పనికే తిరిగి తీసుకువెళతాయి.

జూలై: రూళ్లతో కట్టిన అక్షరం

లిసిట్‌స్కీ 1909 నుంచి 1914 వరకు జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో వాస్తువిద్య చదివాడు. 1919లో విటెబ్‌స్క్ కళాశాలలో బోధిస్తూ అమూర్త చిత్రకారుడు కజిమీర్ మాలెవిచ్ ప్రభావంలోకి వెళ్లాడు. 1922లో బెర్లిన్‌లో రచయిత ఇల్యా ఎహ్రెన్‌బుర్గ్‌తో కలిసి మూడు భాషల పత్రిక ఒకటి నడిపాడు. ‘గొంతు కోసం’ పుస్తకంలో తన పేరును చిత్రకారుడుగా వేసుకోలేదు, పుస్తకాన్ని కట్టిన ఇంజనీరు అనే అర్థం వచ్చే హోదాతో వేసుకున్నాడు. ఈ హోదా ఎంత కచ్చితమైనదో ట్రెడిల్ దగ్గర నిలబడ్డాకే నాకు పూర్తిగా బోధపడింది.

ఆ పుస్తకానికి వాడినది కేసులో మామూలుగా దొరికే సరుకు మాత్రమేనని లిసిట్‌స్కీ స్వయంగా చెప్పాడు. ఎరుపు, నలుపు రెండే రంగులు. బెర్లిన్‌లో కూర్చిన జర్మన్ కంపోజిటరుకు రష్యన్ ఒక్క ముక్క రాదు. లిసిట్‌స్కీ ప్రతి పుటకూ గీసి ఇచ్చిన నమూనా ప్రకారం ఆ మనిషి అక్షరాలను ఆకారాలుగానే చూస్తూ కూర్చాడు. మొదట వీళ్లకు మతి పోయిందనుకున్నవాడు, పని సాగే కొద్దీ ఆ కవితలకు అర్థం చెప్పమని అడిగాడట. బాబాయిగారికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. తమ ప్రెస్సులో ఇంగ్లీషు రాని కంపోజిటర్లు ఇంగ్లీషు మ్యాటరును తప్పు లేకుండా కూర్చేవారని, చేతి వేళ్లకు గది తెలిస్తే కంటికి భాష తెలియనక్కరలేదని ఆయన అన్నారు.

మా దగ్గర రష్యన్ టైపు లేదు. అయినా లిసిట్‌స్కీ పెద్ద అక్షరాలను సాధన చేయడానికి అది అవసరం లేదు. రష్యన్ లిపిలో గ, ప, త, ష ధ్వనుల పెద్ద అక్షరాలన్నీ నిలువు, అడ్డ కడ్డీలే. మొదట 12 పాయింట్ల ఇత్తడి రూళ్లను పక్కపక్కన పేర్చి అరచేయంత ‘ప’ కట్టాం. అచ్చులో రూలుకూ రూలుకూ మధ్య వెంట్రుక వంటి తెల్ల గీత పడింది. కాయిన్లు మరింత బిగించినా ఆ గీత సన్నబడింది గానీ పోలేదు. రెండో ప్రయత్నంలో పుటలో ఖాళీలు నింపే చెక్క దిమ్మెలనే వాడాలనుకున్నాం. ఇక్కడ ఎత్తు అడ్డు వచ్చింది. మన దేశంలో టైపు ఎత్తు 0.918 అంగుళం, అంటే సుమారు 23.3 మి.మీ. ఖాళీ దిమ్మెలు సిరా తగలకూడదు కాబట్టి వాటిని అంతకన్నా పొట్టిగా చేస్తారు. వాటి కింద అట్ట ముక్కలు పేర్చి ఎత్తు పెంచితే, రోలరు వెళ్లేటప్పుడు దిమ్మె ఊగి అంచులు మసకబారాయి. చివరికి టైపు ఎత్తుకు సరిగ్గా కోయించి నునుపు చేయించిన టేకు పట్టీలు మంచి ఫలితం ఇచ్చాయి. ఆ పట్టీలు ఏ వెడల్పులో ఉంటే అక్షరం కడ్డీ ఆ వెడల్పే. 24 పాయింట్లు లేదా 36 పాయింట్లు, మధ్యలో ఏదీ లేదు. లిసిట్‌స్కీ పుటలలో గీతల మందాలకు ఒకదానితో ఒకటి కుదిరే లెక్క ఉందనిపించడానికి ఇదే కారణమై ఉంటుందని నా అభిప్రాయం. కేసులోని కొలతలే ఆ లెక్కను ముందుగా నిర్ణయించి పెట్టాయి.

రెండు రంగుల పని ఇంకా నేర్పింది. పుట మొత్తాన్ని ఒకేసారి కూర్చి ప్రూఫు చూసుకుంటాం. తర్వాత నల్లగా రావలసిన ముక్కలన్నీ బయటికి తీసి, సరిగ్గా అవే కొలతల ఖాళీ దిమ్మెలను వాటి స్థానాలలో పెట్టి ఎరుపు అచ్చు వేస్తాం. ఎరుపు ఆరాక ఎర్ర ముక్కలను తీసి, నల్ల ముక్కలను తిరిగి పెట్టి నలుపు వేస్తాం. పుటలో ఏది ఎరుపు, ఏది నలుపు అన్న నిర్ణయం ఈ పద్ధతిలో చేతికి బరువుగా తెలుస్తుంది. రంగు మారే చోటల్లా ఒక ముక్క తీయాలి, ఒక ముక్క పెట్టాలి. ఒకే మాటలో ఒక్క అక్షరం ఎర్రగా ఉండాలని కోరితే ఆ పంక్తి మొత్తాన్ని విప్పాలి. ఎరుపు మీద నలుపు ఎక్కే చోట మూడో రంగు పుడుతుంది. దగ్గర దగ్గరగా పేర్చిన సన్న రూళ్లతో ఎరుపు వేస్తే దూరానికి గులాబీ ఛాయ వస్తుంది. రెండు సిరాలతో నాలుగైదు ఛాయలు రాబట్టడం అక్కడి పొదుపు.

లిసిట్‌స్కీ 1923 జూలైలో ష్విటర్స్ పత్రిక ‘మెర్జ్’ నాలుగో సంచికలో ముద్రణ గురించి ఎనిమిది సూత్రాలు ప్రకటించాడు. అచ్చు కాగితం మీది మాటలను మనం కంటితో గ్రహిస్తాం గాని చెవితో కాదన్నది వాటిలో మొదటిది. సరిగ్గా అదే ఏడాది, బిగ్గరగా చదవడానికే ఉద్దేశించిన పుస్తకాన్ని అతనే కట్టాడు. ఈ రెంటికీ పొత్తు కుదరదని కొందరికి తోచవచ్చు. నాకు అలా తోచదు. తన పుటలకూ కవితలకూ ఉన్న సంబంధం వయొలిన్‌కు పియానో సహకారం వంటిదని అతను చెప్పుకున్నాడు. కన్ను ముందే చూసి సిద్ధమైతే గొంతు సరైన చోట లేస్తుంది. కూర్చిన పుటను గోడకు అంటించి నిలబడి చదివినప్పుడు, పెద్ద అక్షరం దగ్గరికి రాకముందే ఊపిరి తీసుకోవడం నేను గమనించాను.

ఆగస్టు: డెక్కల చప్పుడు

ఆ పుస్తకంలోని 13 కవితలలో ఒకటి వీధిలో జారిపడిన గుర్రం గురించి. డెక్కలు రాతి బాట మీద చేసే చప్పుడును మయకోవ్‌స్కీ ‘గ్రిబ్, గ్రాబ్, గ్రోబ్, గ్రుబ్’ అని నాలుగు మాటలలో పట్టుకున్నాడు. హల్లులు అవే ఉంటాయి, నడిమి అచ్చు ఒక్కటే మారుతుంది. రష్యన్ లిపిలో అచ్చు కూడా హల్లు పక్కన నిలబడే విడి అక్షరం కాబట్టి, పెద్ద హల్లులను స్థిరంగా నిలిపి మధ్యలో అచ్చును మార్చడం కంపోజిటరుకు తేలిక.

ఇదే కట్టుబడిని తెలుగు లిపిలో పరీక్షించకుండా ఉండలేకపోయాం. మన కేసులో ‘గి’ ఒక గదిలో, ‘గు’ మరో గదిలో, ‘గా’ ఇంకో గదిలో ఉంటాయి. హల్లూ అచ్చూ ఒకే సీసపు ముక్కగా పోతపోసినవే. హల్లును నిలిపి ఉంచి గుణింతాన్ని మాత్రం మార్చడానికి సీసం ఒప్పుకోదు. పైగా మన అక్షరాలలో నేరు గీతలు లేవు, అందువల్ల జూలైలో చేసినట్టు రూళ్లతో కట్టడమూ కుదరదు. రెండు రంగుల పద్ధతినే దీనికి దారి చేసుకున్నాం. తలకట్టు లేని ‘గ’ను పెద్దగా లినో (లినోలియం పలక) మీద చెక్కి నలుపులో నాలుగుసార్లు వేశాం. గుడిని, దీర్ఘాన్ని, కొమ్మును, ఒత్వాన్ని వేరు వేరు లినో ముక్కలుగా చెక్కి, రెండో విడతలో ఎరుపుతో వాటి వాటి చోట దించాం. హల్లు నల్లని దేహంగా స్థిరంగా నిలిచింది, స్వరం ఎర్రగా ఒకసారి దాని పైన, ఒకసారి కుడి పక్కన పలికింది. ఎరుపు అర మిల్లీమీటరు జరిగినా గుడి గాలిలో తేలినట్టు కనిపించింది. రష్యన్ పుటలో అచ్చు ఎడమ నుంచి కుడికి ఒకే వరుసలో మారితే, మన పుటలో అది హల్లు పైకీ పక్కకూ తిరుగుతుంది. లిసిట్‌స్కీని అనుకరించడం కాక, అతను తన లిపిని అడిగిన ప్రశ్నను మన లిపిని అడిగితే వచ్చిన జవాబుగా ఈ కాగితాన్ని నేను దాచుకున్నాను. ఇంతకు మించి తెలుగు ప్రయోగాలు ఈ విడతలో లేవు.

సెప్టెంబరు, అక్టోబరు: వెర్క్‌మన్ దారి

వెర్క్‌మన్ 1882లో గ్రోనింగెన్ ప్రాంతంలోని లేన్స్ గ్రామంలో పుట్టాడు. కొంతకాలం పత్రికలలో పనిచేసి, తర్వాత సొంత ప్రెస్సు పెట్టి చాలామందికి పని ఇచ్చే స్థాయికి తెచ్చాడు. ఆ వ్యాపారం 1923లో చేజారింది. మిగిలిన కొద్దిపాటి సామగ్రితో ఒక గోదాము పైభాగంలోకి మారి, 40 దాటిన వయసులో, తన జీవితంలో ముఖ్యమైన పనిని అక్కడే మొదలుపెట్టాడు. ‘ద నెక్స్ట్ కాల్’ 1923 నుంచి 1926 వరకు తొమ్మిది సంచికలు వచ్చింది, ఒక్కో సంచిక సుమారు 40 ప్రతులు. మొదటి సంచికలోనే తలుపు తాళపు లోహపు పలకకు సిరా పూసి వేసిన అచ్చు ఉంది. పేరున్న ఏ కళాకేంద్రంలోనూ అతను లేడు. పారిస్, బెర్లిన్‌లలోని వారికి టపాలో పత్రిక పంపి, వారి పత్రికలు తెప్పించుకునేవాడు.

లిసిట్‌స్కీ ఛేజును ఒప్పుకొని దాని కొలతలతోనే కట్టాడు. వెర్క్‌మన్ ఛేజును వదిలేశాడు. ‘ద్రుక్సెల్’ అని తాను పిలుచుకున్న విడి అచ్చుల కోసం అతను పనిని తలకిందులు చేశాడు. కాగితాన్ని పాత చేతి ప్రెస్సు బల్ల మీద పరిచేవాడు. సిరా పూసిన చెక్క అక్షరాన్నో, అక్షరం వెనుక వైపునో, ఒక దిమ్మెనో దాని మీద బోర్లించేవాడు. ప్రెస్సు దింపి, ఎత్తి, తర్వాతి ముక్క వేసేవాడు. ఒత్తిడిని చేతి అంచనాతో పెంచేవాడు, తగ్గించేవాడు. ముక్కలో ఒక సగానికి చిక్కగా, మరో సగానికి పలుచగా సిరా పట్టించేవాడు. లేత ఛాయ కావాలంటే ముందు వేరే కాగితం మీద ఒకసారి ఒత్తి, మిగిలిన సిరాతో అసలు కాగితం మీద వేసేవాడు. ఒకే అచ్చు కొన్నిసార్లు 50 సార్లు ప్రెస్సు కిందికి వెళ్లేదని అతనే రాశాడు. ఇలా 600కు పైగా చేశాడు, ప్రతిదీ ఒకే ఒక్క ప్రతి.

మా ట్రెడిల్ ఈ పనికి పనికిరాదు, ప్రూఫు మిషను సిలిండరు దొర్లితే బోర్లించిన ముక్కలు దొర్లిపోతాయి. బైండింగు మర ప్రెస్సు నిలువుగా దిగుతుంది కాబట్టి దానినే ఎంచుకున్నాం. కాగితం కింద నాలుగు పొరల బ్లాటింగు కాగితం వేశాం. మొదటి రోజే ఒక పెద్ద విషయం తేటపడింది. జూలైలో మమ్మల్ని అంతగా వేధించిన టైపు ఎత్తు సమస్య ఇక్కడ పూర్తిగా మాయమైంది. ఫారంలో అన్ని ముక్కలూ ఒకే ఎత్తులో ఉండాలన్న నియమం అవన్నీ ఒకేసారి అచ్చు పడడం వల్ల వచ్చింది. ఒక్కో ముక్కను విడిగా ఒత్తితే పొట్టి దిమ్మె, పొడుగు అక్షరం, తాళపు పలక అన్నీ సమానమే. నాకు తెలిసిన వ్యాసాలలో వెర్క్‌మన్ స్వేచ్ఛ గురించి చాలా చెబుతారు. ఆ స్వేచ్ఛకు మూలం ఈ చిన్న యాంత్రికమైన మార్పే. ఛేజును బిగించి బతికిన మనిషికి మాత్రమే తట్టగల మార్పు అది.

వాలు విషయంలోనూ ఇంతే. జూన్‌లో ప్లాస్టరు పోసి సాధించిన 30 డిగ్రీలు ఇక్కడ మణికట్టు తిప్పితే వస్తాయి. అయితే ఇక్కడ వేరే కష్టం ఉంది. బోర్లించిన అక్షరం ఎక్కడ పడుతుందో కంటికి కనిపించదు, చెక్క దేహం దాన్ని కప్పేస్తుంది. అక్షరం అంచుకూ చెక్క అంచుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో ముందే కొలుచుకుని, కాగితం మీద పెన్సిలుతో పల్చని చుక్కలు పెట్టుకుని, వాటికి చెక్క మూలలను ఆనించాలి. దించేటప్పుడు ఒక మూల ముందుగా తగిలితే అక్కడ సిరా మరకలా సాగుతుంది. రెండు చేతుల బొటనవేళ్లతో ఎదురెదురు మూలలను పట్టుకుని ఒక్కసారిగా సమంగా వదలడం బాబాయిగారికి వెంటనే పట్టుబడింది.

పెద్ద ఇంగ్లీషు ఓ అక్షరాన్నీ, తెలుగు సున్నానూ, హెచ్ అక్షరం వెనుక వైపునూ తీసుకుని వరుసగా వేశాం. అక్షరం ముఖం నునుపుగా, గట్టిగా ఉంటుంది కాబట్టి సిరా నిండుగా దిగుతుంది. వెనుక వైపు ఎన్నడూ సిరా తగలని చెక్క. మొదటి పూత మొత్తం తాగేసింది, రెండో పూతకు రంపపు గాట్లు, చెక్క ఈనెలు అన్నీ కాగితం మీద కనిపించాయి. వందల కరపత్రాలు వేసిన అక్షరం వెనుక ఇన్ని గీతలు ఉన్నాయని ఆ ప్రెస్సులో ఎవరూ చూసి ఉండరు. లేత ఛాయల పద్ధతి ఇంకా ఆశ్చర్యం కలిగించింది. ఒకసారి సిరా పూసిన సున్నాను మళ్లీ పూయకుండా వరుసగా ఐదు చోట్ల ఒత్తితే, ఐదు వృత్తాలు ఒకదాని వెనుక ఒకటి దూరమవుతున్నట్టు కనిపించాయి. ఒకే రంగు, ఒకే ముక్క, ఒకే పరిమాణం. లోతు అంతా సిరా తరుగుదల వల్లనే వచ్చింది. పలుచని తెల్ల కాగితం కన్నా పొట్లాల గోధుమరంగు కాగితం ఈ ఛాయలను బాగా నిలుపుకుంది.

పొరకూ పొరకూ మధ్య ఆరడానికి చాలా సమయం ఇవ్వాల్సి వచ్చింది. కృష్ణ ఒడ్డున ఆ నెలలలో గాలి తేమగా ఉండి నూనె సిరా మరునాటికి కూడా చేతికి అంటుకుంటోంది. ఒక పొర పూర్తిగా ఆరకముందే రెండోది వేస్తే కింది రంగును పై ముక్క పీకేస్తుంది. ఒక కాగితం మీద అలా పీకిన చోట కింది పసుపు చుక్కలు చుక్కలుగా బయటపడి, ఎంతో బాగుంది. దాన్ని అలాగే ఉంచాం.

వెర్క్‌మన్ చివరి రోజుల గురించి ఇక్కడ రాయకపోతే అన్యాయం. జర్మన్ ఆక్రమణ కాలంలో మిత్రులతో కలిసి ‘ద బ్లావె స్ఖౌట్’, అంటే ‘నీలి పడవ’ పేరుతో రహస్యంగా 40 చిన్న ప్రచురణలు వేశాడు. యూదులను తరిమి చంపుతున్న 1942, 1943 సంవత్సరాలలో యూదు భక్తుల గాథలకు బొమ్మలు అచ్చు వేశాడు. 1945 మార్చిలో అతన్ని అరెస్టు చేసి, ఏప్రిల్ 10న మరికొందరితో పాటు కాల్చి చంపారు. కొద్ది రోజులకే గ్రోనింగెన్ విముక్తమైంది. పోలీసులు పట్టుకెళ్లిన అతని అచ్చులలో చాలా భాగం ఆ పోరాటపు మంటలలో కాలిపోయాయి. ఒక్కో ద్రుక్సెల్‌కు ఒక్కటే ప్రతి కాబట్టి కాలిపోయినవి మళ్లీ లేవు. ఫారం అంటూ ఏదీ లేని పద్ధతికి ఉన్న మరో ముఖం ఇది. లిసిట్‌స్కీ పుటను నేను రూళ్లతో తిరిగి కట్టగలను. వెర్క్‌మన్ అచ్చును తిరిగి వేయడం ఎవరి తరమూ కాదు, అతని పద్ధతిని మాత్రమే సాధన చేయగలం. అందుకే అక్టోబరు పనిలో అతని ఏ ఒక్క బొమ్మకూ నకలు తీయలేదు.

నవంబరు: మెట్ల అంచు

ఈ నెల మళ్లీ ‘గొంతు కోసం’ పుస్తకానికి వచ్చాం, ఈసారి పుటల కోసం కాక అంచు కోసం. ఆ పుస్తకానికి కుడి అంచున, చిరునామాల డైరీకి ఉన్నట్టు, మెట్లుగా కోసిన పట్టీలు ఉన్నాయి. ఒక్కో పట్టీ మీద ఒక్కో కవితకు కుదించిన పేరు, దాని గుర్తు ఉంటాయి. సభలో నిలబడి చదివేవాడు పుటలు తిరగేస్తూ వెతుక్కోనక్కరలేదు, బొటనవేలు పెట్టి తెరిస్తే చాలు. విషయసూచికను ముందు పుటల నుంచి అంచు మీదికి తెచ్చిన ఈ ఆలోచన, ఆ పుస్తకంలోని ఎర్ర నల్ల పుటలన్నిటికన్నా దూరం ఆలోచించినదని నేను అనుకుంటున్నాను.

పుస్తకం ఎత్తు సుమారు 18.7 సెం.మీ., వెడల్పు 13.3 సెం.మీ. అదే కొలతకు తెల్ల కాగితంతో నమూనా కట్టాం. ఆ ఎత్తులో 13 మెట్లంటే ఒక్కోదానికి 14 మి.మీ.కు కాస్త ఎక్కువ వస్తుంది. పెద్దవారి బొటనవేలు అంతకన్నా వెడల్పు. అందువల్ల పట్టీ మీద పేరు పూర్తిగా వేస్తే వేలి కింద పడిపోతుంది. ఒకటి రెండు మాటలకు కుదించి, పక్కన గుర్తు పెట్టడం ఎందుకో కొలత వేయగానే అర్థమైంది. కోత వల్ల మరో సంగతి కూడా తెలిసింది. పట్టీలో మిగిలే వెడల్పును ప్రతి పుటలోనూ వదిలేయాలి కనుక అచ్చు పడే మేర తగ్గుతుంది. పెద్ద అక్షరాలను ఎడమకు జరిపి కూర్చకపోతే కత్తి వాటి అంచును తీసుకుపోతుంది. అంటే అంచు కోతను నిర్ణయించిన తర్వాతే పుటలు కూర్చాలి. బైండింగు చివర చేసే పని ఇక్కడ అన్నిటికన్నా ముందు ఆలోచించవలసిన పని అయింది.

కాగితం పోగు దిశ (నార సాగే దిశ) నిలువుగా ఉన్న నమూనాలో పట్టీలు కొద్ది వాడకానికే మూలల దగ్గర వంగాయి. పోగు అడ్డంగా ఉన్న కాగితంతో కట్టిన రెండో నమూనాలో పట్టీ గట్టిగా నిలిచింది, కాని పుట తెరిచినప్పుడు వెన్ను దగ్గర బిర్రుగా ఉంది. రెండింటినీ స్థానిక నాటక సమాజంలో పద్యాలు చదివే ఒకరి చేతికి ఇచ్చి, నిలబడి ఒక్క చేత్తో పట్టుకుని తెరవమని కోరాం. ఆయన ఎడమ చేత్తో పుస్తకం పట్టుకుని, కుడి బొటనవేలితో కోరిన చోట తడుముకోకుండా తెరిచారు, కింది నాలుగు పట్టీలు మాత్రం అరచేతి వైపు ఉండడం వల్ల వేలికి అందడానికి ఆలస్యమైంది. తర్వాతి నమూనాలో పట్టీ లోతును 12 మి.మీ. నుంచి 15 మి.మీ.కు పెంచి, తరచుగా చదివే కవితలను పై మెట్లకు తెచ్చి చూస్తాం. కాగితం తెప్పించాం, కోతకు కత్తి సాన పట్టడానికి ఇచ్చాం.